నాలుగో దెబ్బ

ధర్మవరం, నేతగాళ్ళ వీధి. 1963 ఎండాకాలం, పొద్దున తొమ్మిది గంటలు. పార్వతమ్మ, బెంగళూరు నుంచి వచ్చిన ఆమె కొడుకు కుళ్ళాయప్ప.

“అది కాదమ్మా, నేనడిగేదేంది, నువ్వు చెప్పేదేంది?”

“నేనేం చెప్తాండా? ముందు ఆ గాదెను వాకిట్లోంచి తియ్యి అంటాండా. నీళ్ళ బిందె ఎత్తుకోని లోపలికి ఎట్ల రావాల నేను?”

“గాదె కాదమ్మా, డబుల్ బేస్. నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు అనుకో.”

“ఏదైతేనేం. మనిషెత్తు ఉండాది. దానికి మళ్ళా దుప్పటి కప్పినావు. ఎదురింటి గంగాదేవి తొంగి చూసి, ఎవరికేమాయె వదినా అని అడిగిపాయె.”

“సరే, పక్కకు జరిపినా. ఇప్పుడు చెప్పు. నాయన మగ్గం చప్పుడు ఎట్లుంటాది?”

“మగ్గం చప్పుడు మగ్గం మాదిరే ఉంటాది. ఉగ్గాని తింటావా?”

“అమ్మా.”

“మిరపకాయలు తక్కువేసినాలే. నీకు బెంగళూరు నాలుక వచ్చేసింటాది.”

“తింటా. తింటా గానీ, ఇది విను. తెల్లారి రైలు దిగినప్పట్నుంచి వీధంతా తిరిగినా. ఒక్కో ఇంటి ముందర నిలబడి విన్నా. నాయన నేసే సావుకారు షెడ్డు ఇడిచిపెట్టి, ముప్పై మగ్గాలు విన్నా.”

“నువ్వేనా అది! ఎవడో మతి చెడినోడు కిటికీల కాడ నిలబడి తల ఊపుతాండాడని కొళాయి కాడ ఆడోళ్ళు చెప్పుకుంటాండిరి.”

“అన్నీ సాపుగా పోతాండాయి. ధన్, ధన్, ధన్, ధన్. ఒక్కటంటే ఒక్కటి మన మగ్గం మాదిరి పోవడం లే.”

“మన మగ్గం మాదిరి అంటే?”

“మూడు దెబ్బలు సాపుగా వస్తాయి. నాలుగోది ఆగుతాది. ఆగి, ఆగి, ఇంగ రాదేమో అనుకున్నాక వస్తాది. దాన్నంటుకోని ఐదోది ఉరుకుతాది. ధన్, ధన్, ధన్... ధధన్. ఇదిగో, ఇట్ల.”

“అరుగును అట్ల బాదొద్దు, మట్టి రాల్తాది.”

“నాకు తొమ్మిదేండ్లు వచ్చినప్పట్నుంచి పద్దెనిమిది దాకా నాయన పక్కన పలక మీద కూర్చోని పోగు దాటించే అంచు నాడె ఇసిరినా. షెడ్డులో ఇరవై మగ్గాలున్నా నాకు తగిలేది ఆ ఒక్కటే. చెవిలోంచి కాదు, పిర్రల్లోంచి ఎక్కుతాండె. అన్ని మగ్గాలూ ఇట్లనే పోతాయనుకున్నా ఇన్నాళ్ళూ. చూస్తే ఏదీ పోదు. ఎందుకు పోదు?”

“చిన్నోడివి. ఏం విన్నావో, ఏం అనుకున్నావో.”

“పద్దెనిమిదేండ్లోడు చిన్నోడా?”

“నాకు నువ్వెప్పుడూ చిన్నోడివే. పన్నెండేండ్లాయె నువ్వు మగ్గం ఇడిచిపెట్టి. ఒక్క దినమన్నా మగ్గం ఎట్లుండాదమ్మా అని అడిగింటివా? ఇప్పుడు దాని చప్పుడు కావాల్నంట.”

“కావాల. రేపు రికార్డు తీస్తాండారు.”

“రికార్డంటే? కాఫీ హోటల్లో గిరగిరా తిరుగుతాదే, ఆ నల్ల పళ్ళెమా?”

“ఆ పళ్ళెమే. అందులో మా బ్యాండు.”

“నీ పేరుంటాదా దాని మీద?”

“పళ్ళెం మీద ఉండదు, అది పెట్టే అట్ట మీద ఉంటాది.”

“ఏదో ఒకదాని మీద ఉంటాది గదా. అట్లయితే మంచిదే. ఇంగేంది నీ బాధ?”

“చెప్తా, నిమ్మళంగా కూర్చో. మేము ఏడుగురం. బెంగళూరు కంటోన్మెంటును దండంటారు, ఆ దండు బజారులో పెద్ద హోటలుండాది, ఆడ వాయిస్తాము. పింటో మాస్టరని గోవా ఆయన, పియానో ఆయనది, బ్యాండూ ఆయనదే. డ్రమ్ములు కొట్టేటోడు దండులోనే పుట్టిన దొర కొడుకు. మేము వాయించేదాన్ని జాజ్ అంటారు. అమెరికాలో నల్లోళ్ళు పుట్టించిన సంగీతం.”

“నేనెప్పుడన్నా వద్దంటినా?”

“నేను దాంట్లోకి ఇంగా తెచ్చి కలిపినా. క్యూబా దీవిలో వాళ్ళ తాళమొకటి. అరబ్బు దేశం పాటొకటి. పెనుకొండ ఉరుసులో ఫకీర్లు కొట్టే దఫ్. మన పక్క ఉరుము డోలు కొట్టే ఉరుములోళ్ళ చప్పుడు. మద్రాసు ఓడల్లో దిగేవాళ్ళ కాడ రికార్డులు అడుక్కోని, విని, విని, నేర్చుకున్నా.”

“ఇన్ని కలిపితే కూరైనా చెడిపోతాది.”

“కింద పడే దెబ్బ ఒకటే అయితే చెడదు. ఆ దెబ్బ నాది. బేస్ అంటే నేల అమ్మా. పైన ఎవరెంత ఎగిరినా దిగేది నా మీదనే. ఆ నేల కింద నేను వేసింది మన మగ్గం. ఆ మూడూ, ఆగే నాలుగోదీ, ఉరికే ఐదోదీ. దాని మీద అరబ్బు పాటా నిలబడె, క్యూబా తాళమూ నిలబడె. హోటల్లో దొరలూ దొరసానులూ కాళ్ళు యాడ పెట్టాల్నో తెలీక ఆగిపోయి, మళ్ళా ఎగిరేటోళ్ళు. అది వినే రికార్డు కంపెనీవాళ్ళు వచ్చిరి.”

“బాగానే ఉండాదే!”

“ఈడిదాకా బాగుండాది. కంపెనీ బొంబాయి నుంచి ఒక పండితుణ్ణి పంపించె. ఏ తాళం ఏ దేశానిదో అట్ట మీద రాసేది ఆయన పని. ఇది క్యూబాది, ఇది అరబ్బులది, ఇది ఫకీర్లది అని రాసుకుంటా వచ్చి, నా కాడ ఆగి, ఇదెవరిది అనె.”

“మా మగ్గం చప్పుడు అంటే అయిపోతాండె గదా.”

“అనలే.”

“ఏమంటివి?”

“ధర్మవరం నేతగాళ్ళ తాళం, వెయ్యేండ్ల నాటిది అంటి.”

“వెయ్యేండ్లా! ఎవరు చెప్పిరి నీకు?”

“ఎవరూ చెప్పలే. నోట్లోంచి వచ్చేసె. అందరికీ వెనకాల ఒక దేశముండాది, నాకు మాత్రం ఉండొద్దా?”

“అబద్ధమాడితే ఆడినావు, రొంత తక్కువ చేసి ఆడకూడదా? ఒక నూరేండ్లు అంటే సరిపోతాండె.”

“ఆయన వారం దినాలు పుస్తకాలు తిరగేసినాడు. మళ్ళా వచ్చి, ఏ శాస్త్రంలోనూ ఇట్లాంటి తాళం లేదు, ఇది నీ చేతి తప్పు, నీ తప్పుకు ఊరి పేరు తగిలిస్తాండావు అనె. ఏడుగురి ముందర అనె అమ్మా. డ్రమ్ములోడు పుల్లలు కింద పెట్టి నవ్వినాడు.”

“నువ్వేమంటివి?”

“మా జిల్లాకు వచ్చి విను అంటి. నేను రాను, నువ్వే తీసుకోని రా అనె. మీ జిల్లాలో ఇంగొక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నిన్ను చూసి నేర్చుకోనోడు, ఈ దెబ్బ కొట్టేటోణ్ణి పిల్చుకోని రా. తెస్తే అట్ట మీద రాస్తా. తేలేకపోతే అందరి మాదిరి సాపుగా వాయించు, లేదంటే ఆ బేస్ కింద పెట్టి పో అనె. పింటో మాస్టరు కూడా ఊఁ కొట్టె.”

“ఎప్పటికి తేవాల?”

“రేపు పొద్దున పదికి. ఈ పొద్దు పన్నెండున్నర రైలెక్కాల.”

“మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తాంటివి?”

“నాలుగు దినాలుగా ఇదే పని. మొదట హిందూపురంలో దిగినా. బస్సు మీద దీన్ని తాళ్ళతో కట్టించుకోని, లేపాక్షి దావలో ఉరుముల ఓబుళప్ప ఇంటికి పోయినా. పెద్దాయన, ఉరుము పుట్టినప్పట్నుంచి వాయిస్తాండాడు. అర్ధగంట కండ్లు మూసుకోని విన్నాడు. ఇది మాది కాదబ్బా, మా ఉరుము ఏడుస్తాది గానీ ఎక్కిళ్ళు పెట్టదు అనె.”

“సరిగ్గానే చెప్పినాడు.”

“ఆడ నుంచి పెనుకొండ. దర్గా కాడ ఫకీర్ సాబ్ ఉండాడు గదా, ఆయన దఫ్ తీసి పదిసార్లు కొట్టి చూసినాడు. కుదర్లే. దఫ్ పక్కన పెట్టి, ఏమప్పా, ఇది మొక్కేవాని దెబ్బ కాదు, మొండోని దెబ్బ, ఇంగ యాడన్నా చూసుకో అనె. ఇంగ యాడ చూసేది? మిగిలింది మన వీధి ఒకటే. అదీ అయిపాయె.”

“అయిపాయె గదా, ఇడిచిపెట్టు. సాపుగానే వాయించు. పేరైతే ఉంటాది గదా అట్ట మీద?”

“సాపుగా వాయించేటోళ్ళు బెంగళూరులో పదిమంది ఉండారు. సాపుగా వాయిస్తే అది నేనెట్ల అయితా? తప్పంటాడే ఆయన! ఇరవై ఏండ్లుగా నా ఒంట్లో ఉండేదాన్ని తప్పంటాడే! సచ్చినా సాపుగా వాయించను.”

“అబ్బ, ఆ మొండితనమొకటి! ఆ దెబ్బను నువ్వు మర్చిపోతే మంచిది కుళ్ళాయప్పా. దానికి ఊరూ లేదు, శాస్త్రమూ లేదు.”

“నీకెట్ల తెలుసు?”

“ఏంది?”

“ఊరు లేదని నీకెట్ల తెలుసు? ఇంతసేపూ చప్పుడు మాదిరే ఉంటాది అంటివి. ఇప్పుడు ‘ఆ దెబ్బ’ అంటాండావు. నీకు తెలుసు.”

“నాకేం తెలుసు? కండెలు చుట్టుకునేదాన్ని.”

“సరే. నాయన షెడ్డు నుంచి తిండికి వస్తాడు గదా, ఆయన్నే అడగతా.”

“వద్దు!”

“ఎందుకు వద్దు?”

“వద్దంటే వద్దు. నీతో మాట్లాడతాడా ఆయన?”

“మాట్లాడడు. నేనొస్తే ‘వచ్చినావా’ అంటాడు, పోతాంటే ‘పోతాండావా’ అంటాడు. పన్నెండేండ్లలో ఈ రెండు మాటలే. అయినా అడగతా.”

“అడగొద్దు నాయనా. నీకు దండం పెడతా. ఆయన్ను ఆ మాట అడగొద్దు.”

“అయితే నువ్వు చెప్పు.”

“అది తాళం కాదురా. మీ నాయన కాలు.”

“కాలా?”

“కాలే. ఎడమ కాలు. కుంటి కాలితో మగ్గం గుంతలో కూర్చోని తొక్కాలంటే ఎట్లుంటాది? మూడు తొక్కేసరికి దానికి సత్తువ పోతాది. ఎత్తలేక, ఎత్తలేక, ఎత్తి తొక్కుతాడు. అది నీ నాలుగో దెబ్బ. నొప్పికి తట్టుకోలేక ఎంటనే ఇంగొకటి తొక్కి తీసేస్తాడు. అది నీ ఐదోది. వెయ్యేండ్లంట, వెయ్యేండ్లు! ఇరవై ఏండ్లు.”

“అంటే నేను ఇన్నాళ్ళూ...”

“ఊఁ.”

“దొరల ముందర, దొరసానుల ముందర, క్యూబా కింద, అరబ్బుల కింద, నేను వాయించింది...”

“నవ్వకు. నవ్వొద్దురా, నాకు ఏడుపొస్తాది.”

“నవ్వక ఏం చేసేది? పండితుడు చెప్పింది నిజమే గదా! తప్పే గదా! నాది కూడా కాదు, నాయన తప్పు. ఓబుళప్పను అర్ధగంట కూర్చోబెట్టి, ఫకీర్ సాబ్ చేత దఫ్ పట్టించి, ముప్పై కిటికీల కాడ నిలబడి నేను ఎతికింది నాయన గుంతలో జారిపడిన కథనా?”

“ఉగ్గాని సల్లారిపోతాంది.”

“గుంతలో జారిపడిందే గదా? నువ్వే చెప్పినావు నాకు. నాకప్పుడు పదేండ్లు. అమ్మమ్మ ఊరి నుంచి వచ్చేసరికి నాయన కాలికి కట్టు ఉండె. గుంతలో పడినాడు అంటివి.”

“అంటి.”

“పడలేదా? అమ్మా, నా ముఖం చూడు.”

“పడలే.”

“మరి?”

“షెడ్డులో రివాజు నీకు తెలుసు గదా. సావుకారు గడప తొక్కితే ఇరవై మగ్గాలూ ఆగిపోవాల. అందరూ గుంతల్లోంచి పైకి లేసి నిలబడాల. ఆయన కూర్చోమంటే కూర్చోవాల.”

“తెలుసు, నేనూ నిలబడినా. నాయన లేసేవాడు కాదు, కాలు బాగాలేదని.”

“కాలు బాగున్నప్పుడే లేవలే ఒక దినం.”

“లేవలేదా?”

“నాడె నడి మధ్యలో ఉండాది, ఈ పోగు దాటించి లేస్తా అన్నాడంట. సావుకారు నిలబడినాడు. ఈయన పోగు దాటించె. లేవలే. ఇంగొకటి దాటించె. మళ్ళా ఇంగొకటి. పంతొమ్మిది మంది చేతులు కట్టుకోని నిలబడి ఉండారు, ఈయన కూర్చోని నేస్తాండాడు. షెడ్డంతా ఆ ఒక్క మగ్గం చప్పుడే.”

“తర్వాత?”

“లేవని కాలు వానికెందుకు అన్నాడంట సావుకారు. మేస్త్రీ మగ్గం దూలం తీసుకున్నాడు.”

“చాల్లే.”

“అడిగితివి గదా, విను. రెండు దెబ్బలు. ఎముక తెల్లగా బయటికొచ్చె. గుంతలో పడినాడని చెప్పండి, చెప్తే మగ్గం ఉంటాది అనిరి. చెప్తిమి. వీధిలో చెప్తిమి, నీకూ చెప్తిమి. నువ్వు వింటే ఊరికే ఉండేటోడివా? యాడ రాయి తీసుకోని పోతావో అని బయం.”

“ఇప్పుడు పోతా.”

“యాడికి?”

“సావుకారు ఇంటికి.”

“కూర్చో! ఆయనకు డెబ్బై దాటె. ఇద్దరు పట్టుకుంటే నడుస్తాడు. ఆ ముసలోన్ని కొట్టి ఏం గెలుస్తావు?”

“ఇప్పటికీ షెడ్డుకు వస్తాడా?”

“రాకుండా ఉంటాడా? దినమూ వస్తాడు.”

“ఇప్పటికీ లేస్తారా అందరూ?”

“లేస్తారు. మీ నాయన తప్ప. కాలు ఇరగ్గొట్టినాక ఇంగెట్ల లేపుతారు? ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఆయన్ను ఎవరూ లెమ్మనలే. వాని కాలు అట్లుండాది గదా, కూర్చోనీలే అంటాడంట సావుకారు. పెద్ద ధర్మాత్ముని మాదిరి!”

“రాయిస్తా.”

“ఏం రాయిస్తావు?”

“అట్ట మీద ఇదే రాయిస్తా. ఈ తాళం శాస్త్రంలో లేదు, ధర్మవరం నాగన్న ఎడమ కాలిలో ఉండాది అని. ఎట్ల ఇరిగిందో కూడా రాయిస్తా. తప్పా ఇది? ఎవడు తప్పు చేసినాడో దేశదేశాలూ చదవనీ.”

“పిచ్చోడా! ఆ పళ్ళెం మన కాఫీ హోటల్లో కూడా తిరుగుతాది. రేపే ఆయన్ను షెడ్డులోంచి గెంటేస్తారు. ఈ వయసులో యాడికి పోతాడు?”

“నా కాడికి వస్తాడు.”

“నీ కాడికా! ‘వచ్చినావా’ అనేదానికే ఆయనకు కష్టం.”

“నాకు ఇంగొకడు కావాల, నన్ను చూసి నేర్చుకోనోడు. ఉండేది ఆయనొక్కడే గదమ్మా ఈ జిల్లాలో. ఆయన్ను చూసి నేర్చుకున్నోన్ని నేను.”

“రాడు. రానే రాడు. ఆ మాటెత్తితే నీకూ ఆయనకూ ఆ రెండు మాటలు కూడా మిగలవు.”

“మిగలకపోనీ.”

“కుళ్ళాయప్పా, నోరు మూసుకో. వస్తాండాడు. కర్ర చప్పుడు వినపడతాంది.”

పది గంటలు. షెడ్డు నుంచి నాగన్న తిండికి ఇంటికి వచ్చాడు.

“వచ్చినావా?”

“వచ్చినా నాయనా.”

“ఈ దుప్పటి కప్పింది కూడా వచ్చెనా?”

“వచ్చె.”

“ఏమే, నీళ్ళియ్యి.”

“ఇదిగోయ్యా. వాడు మళ్ళా పన్నెండున్నర రైలుకే పోతాండాడు. ఊరికే చూసిపోదామని వచ్చినాడంట.”

“ఊరికే రాలే నాయనా. అమ్మ చెప్పింది.”

“ఏం చెప్పింది?”

“నేనేం చెప్పలేదయ్యా, వాడే గుచ్చి గుచ్చి అడిగి...”

“కాలు సంగతి చెప్పింది. సావుకారు, మేస్త్రీ, దూలం. అంతా.”

“ఉగ్గానిలో ఉప్పు తక్కువాయె.”

“నేను బెంగళూరులో వాయించేది నీ కాలి దెబ్బనే నాయనా. ఇన్నాళ్ళూ నాకు తెలీదు. అది తప్పని ఒక పండితుడు అంటాండాడు. ఇంగొకడు ఎవడన్నా కొట్టి చూపిస్తే ఒప్పుకుంటాడంట. లేదంటే సాపుగా వాయించాలంట.”

“సాపుగానా?”

“ఊఁ.”

“నువ్వేమంటివి?”

“సచ్చినా వాయించను అంటి.”

“ఊఁ. ఆ దుప్పటి తియ్యి. వాయించు.”

“ఇప్పుడా? ఈడనా?”

“మళ్ళా షెడ్డుకు పోవాల నేను. బిర్న కానీ.”

“ఇదిగో... మూడు సాపుగా... నాలుగోది... ఐదోది. ఇది, ఇట్లనే పోతాది. ఎట్లుండాది?”

“తప్పు.”

“తప్పా! నువ్వు కూడానా?”

“నాలుగోదానికి తొందరపడతాండావు. పలక మీద కూర్చున్నప్పుడూ నీది ఇదే రోగం. పోగు కనపడితే చాలు, నాడె ఇసిరేటోడివి.”

“ఎంత ఆగాల మరి?”

“ఇంగ తొక్కడులే అని ఎదుటోడు అనుకోవాల. అప్పటిదాకా ఆగాల.”

“ఎదుటోడెవరు?”

“వాయించు ముందు.”

“...ఇప్పుడు?”

“ఇంగ రొంత. తల కిందికి ఏస్తాండావు యాల? తీగెల్లో ఏముండాది చూసేదానికి? తల ఎత్తు. నీ ముందర ఒకడు నిలబడి ఉండాడు అనుకో. వాని కండ్లలోకి చూడు. వాడు నీ కండ్లలోకి చూస్తాండాడు. వాడు రెప్ప ఏసినాక తొక్కు.”

“...”

“ఆ. ఆ. ఇప్పుడు వచ్చె.”

“ఐదోది?”

“ఐదోది వానికోసం కాదు. అది నాకోసం. దాన్ని చిన్నగా, సంతోషంగా కొట్టాల. నువ్వు గుంజుతాండావు.”

“నువ్వు తొక్కి చూపియ్యి నాయనా.”

“వద్దురా! పొద్దన్నుంచి షెడ్డులో తొక్కి తొక్కి వచ్చినాడు మనిషి.”

“నువ్వు పక్కకుండే. రేయ్, ఆ పలక ఇట్ల నా కాలి కింద ఎయ్యి. ఆ. నువ్వు వాయిస్తా ఉండు, నేను తొక్కుతా. ఇద్దరిదీ కలవాల. ఊఁ, ఎత్తుకో.”

“...”

“ఆగు. ఆగు. ఇప్పుడు!”

“...”

“చూస్తివేమే, నీ కొడుక్కు వచ్చేసె.”

“నాకేం అర్థం కాదు ఈ ఎక్కిళ్ళ పాట. ఒకటి మాత్రం నిజం, తండ్రీ కొడుకులు ఒక కాడ కూర్చోని ఇంతసేపు ఉండేది పన్నెండేండ్ల తర్వాత ఇదే.”

“నాయనా, రొంత నిలుపు. ఒకటి అడగతా.”

“ఏంది?”

“నువ్వు ఇరవైసార్లు తొక్కితివి. నేను లెక్కపెట్టినా, లెక్క నా పని. ఇరవైసార్లూ ఆగింది ఒకటే కొలత. వెంట్రుకంత తేడా రాలే.”

“వస్తే బట్ట చెడిపోదా?”

“బట్ట సంగతి కాదు. నొప్పి ఉండే కాలు ఒకసారి ముందర పడాల, ఒకసారి ఎనక పడాల. అలిసిపోతే ఇంగా ఆలస్యం కావాల. నీది అట్ల పడలే. సత్తువ లేని కాలు ఇంత లెక్కగా ఎట్ల వస్తాది?”

“రైలెన్నింటికి?”

“మాట మారుస్తాండావు.”

“రైలెన్నింటికి అంటి.”

“పన్నెండున్నర.”

“ఏమే, నా తెల్ల పంచె యాడుండాది?”

“పంచె ఎందుకయ్యా?”

“బెంగళూరు పోయేదానికి. ఈ మాసిన గుడ్డతో పోవాల్నా?”

“నువ్వా! నువ్వు పోతావా?”

“వానికి ఇంగొకడు కావాల్నంట గదా. ఆ పండితుడు యాడ కూర్చుంటాడ్రా?”

“ఎదురుగా కుర్చీ ఏసుకోని కూర్చుంటాడు నాయనా.”

“నేను లోపలికి వస్తే లేస్తాడా?”

“యాడ లేస్తాడు, పెద్ద మనిషి.”

“చూస్తాం. ఆయన కండ్లలోకే చూసి తొక్కుతా.”

“అయ్యా, నీకూ మతి పాయెనా? మగ్గం మీద చీర సగంలో ఉండాది. సాయంత్రం సావుకారు వచ్చి, నాగన్న యాడికి పాయె అంటే ఏం చెప్పాల?”

“తాళం కొట్టేదానికి పోయినాడని చెప్పు.”

“ఆ పళ్ళెం ఊర్లోకి వస్తే? కాఫీ హోటల్లో ఏస్తే? సావుకారు చెవిన పడదా?”

“పడాలనే గదా. షెడ్డులో ఇన్నాళ్ళూ నేను వినిపించింది వానికొక్కనికే. ఇంగ ఊరంతా విననీ. అట్ట మీద నా పేరు పెద్దగా రాయమను కుళ్ళాయప్పా, ఎట్ల ఇరిగిందో అది కూడా రాయమను.”

“రాయిస్తా నాయనా!”

“ఇద్దరికీ బుద్ధి లేదు! రైలు మెట్లు ఎట్లెక్కుతావయ్యా? ఆ బెంగళూరు రోడ్ల మీద ఎట్ల నడుస్తావు? ఇరవై ఏండ్లు, దినమూ పొద్దన్నే ఆ కాలికి ఆముదం కాచి రాసేది నేను. అదెంత బాధ పడతాందో నాకు తెలుసు. ఈ పొద్దు వచ్చిన నీ కొడుక్కేం తెలుసు?”

“కాలు ఆర్నెల్లకే బాగాయెనే. బాగాయెనని తెలిస్తే ఆ సావుకారుకు లేసి నిలబడాల గదా.”